సూర్యుడి రేడియోలో తాళం

న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకి హోమ్‌డెల్ అన్న పేరు కొత్త కాదు. బెల్ లేబరేటరీస్ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల కాపురం పెట్టిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. నేను కూడా రేడియో పరికరాలతో కుస్తీ పట్టి బతికినవాణ్ణే కాబట్టి ఆ ఊరంటే నాకు కాస్త భక్తి. అక్కడి మైదానంలో 1931లో కార్ల్ జాన్‌స్కీ అనే కుర్ర ఇంజనీరు ఒక విచిత్రమైన ఏంటెన్నా కట్టాడు. సుమారు వంద అడుగుల పొడవున్న ఆ చట్రాన్ని ఫోర్డ్ మోడల్-టీ కారు చక్రాల మీద నిలబెట్టాడు. అది 20 నిమిషాలకి ఒక చుట్టు తిరిగేది. సముద్రం దాటి మాట్లాడుకునే రేడియో టెలిఫోనులో గరగర ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టడం ఆయనకి అప్పగించిన పని.

గరగరలు మూడు రకాలని తేలింది. దగ్గరి ఉరుములవి కొన్ని, దూరపు ఉరుములవి కొన్ని. మూడోది మాత్రం ఎడతెగని బుస. మొదట్లో ఆ బుస సూర్యుడున్న దిక్కు నుంచే వస్తున్నట్టు కనిపించింది. కాని నెలలు గడిచేకొద్దీ సూర్యుడితో దాని పొత్తు కుదరలేదు. అది 24 గంటలకి కాకుండా 23 గంటల 56 నిమిషాలకి ఒకసారి బలపడుతోంది. పంచాంగం తిరగేసే ఇళ్లల్లో పెరిగినవాళ్లకి ఈ 4 నిమిషాల తేడా కొత్తగా ఉండదు. సూర్యుడి లెక్కన రోజుకి 24 గంటలైతే, నక్షత్రాల లెక్కన 4 నిమిషాలు తక్కువ. అంటే ఆ బుస సూర్యుడిది కాదు, పాలపుంతది! 1933లో జాన్‌స్కీ ఈ సంగతి ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం పుట్టింది.

ఇక్కడ నన్ను ఆకట్టుకున్న విషయం ఒకటుంది. జాన్‌స్కీ ఏంటెన్నాకి ఆకాశంలో ఫలానా చుక్క అని వేలు పెట్టి చూపించే శక్తి లేదు. ఆయనకి దారి చూపించినది గడియారం. ఒక శబ్దం ఎంతసేపటికి మళ్లీ వస్తోందో కొలిస్తే, అది ఎవరిదో తెలిసిపోయింది. సంగీతంలో తాళం ఒక చుట్టు తిరిగి మొదటికి రావడాన్ని ఆవర్తనం అంటాం కదా. భౌతికశాస్త్రంలోనూ అదే మాట వాడతాం. ఈ వ్యాసం సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల్లో కనిపించే ఆవర్తనాల గురించి. ఆ తాళాన్ని కొలిస్తే ఏం తెలుస్తుంది, అసలు తాళం ఉందని ఎలా నమ్మాలి అన్నవే నా రెండు ప్రశ్నలు.

సూర్యుడు రేడియోలో దొరికిన వైనం

జాన్‌స్కీకి సూర్యుడు ఎందుకు వినపడలేదు? ఆ రోజుల్లో సూర్యుడు బాగా మందకొడిగా ఉన్నాడు. పదకొండేళ్ల సౌరచక్రం అట్టడుగుకి చేరుకుంటున్న కాలం అది. పదేళ్లు తిరిగేసరికి, యుద్ధం మధ్యలో, సూర్యుడు తనంతట తానే బయటపడ్డాడు. 1942 ఫిబ్రవరి ఆఖర్లో బ్రిటన్ తీరం పొడుగునా ఉన్న రాడార్లు ఒక్కసారిగా మూగబోయాయి. జర్మన్లు కావాలని అడ్డుకుంటున్నారేమో అని అందరూ హడలిపోయారు. కారణం కనిపెట్టమని జె. ఎస్. హే అనే ఆయన్ని పురమాయించారు. రాడార్లన్నీ చూపించిన దిక్కులని పోల్చి చూస్తే, అవి పొద్దుటినుంచి సాయంత్రం దాకా సూర్యుణ్ణే వెంబడించాయి. ఆ రోజుల్లో సూర్యబింబం మీద ఒక పెద్ద మచ్చ ఉంది. అదే ఏడాది జూన్‌లో మన హోమ్‌డెల్‌లోనే జార్జి సౌత్‌వర్త్ సెంటీమీటర్ల కొలతలో ఉండే మైక్రోతరంగాలలో సూర్యుణ్ణి పట్టుకున్నాడు. ఇవి రెండూ యుద్ధ రహస్యాలుగా ఉండిపోయాయి. ఈలోగా ఇలినాయిలోని వీటన్ అనే ఊళ్లో, తన ఇంటి పెరట్లో సొంత డబ్బుతో పెద్ద డిష్ కట్టుకున్న గ్రోట్ రీబర్ 1944లో తన లెక్కలు అచ్చువేయించాడు. అందులో సూర్యుడూ ఉన్నాడు. పెరట్లో కూచుని పెద్ద పని చెయ్యవచ్చని చెప్పడానికి అమెరికాలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇంతకీ సూర్యుడు రేడియో తరంగాలు ఎందుకు పుట్టిస్తాడు? ముఖ్యంగా మూడు కారణాలు. మొదటిది ఉత్త వేడి. వేడి వాయువులో ఎలక్ట్రానులు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ, పరమాణు కేంద్రకాల పక్కనుంచి వంగి వెళ్తూ, కొద్దికొద్దిగా రేడియో తరంగాలు వదుల్తూ ఉంటాయి. ఇది రోజూ ఉండేదే. రెండోది అయస్కాంత క్షేత్రం. మహావేగంగా పోయే ఎలక్ట్రానులు అయస్కాంత రేఖల చుట్టూ గింగిరాలు తిరుగుతూ మైక్రోతరంగాలు వెదజల్లుతాయి. మూడోది ప్లాస్మా. ఎలక్ట్రానుల గుంపుని ఎవరైనా కదిపితే అవి ఒక సహజమైన వేగంతో ఊగుతాయి. ఆ ఊపు ఎంత జోరుగా ఉంటుందన్నది అక్కడి వాయువు ఎంత చిక్కగా ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. చిక్కగా ఉంటే హెచ్చు స్వరం, పల్చగా ఉంటే తగ్గు స్వరం.

సూర్యుడి చుట్టూ ఉండే పల్చని వాయుమండలాన్ని కరోనా అంటారు. 2020 తరవాత ఈ మాట వింటే మనకి మాస్కులు గుర్తొస్తాయి కాని, దీని అసలు అర్థం కిరీటం. ఈ కిరీటం పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది. కనక కింద పుట్టిన ఎలక్ట్రానుల ధార పైకి దూసుకుపోతూ ఉంటే, రేడియోలో స్వరం హెచ్చు నుంచి తగ్గుకి జర్రున జారుతుంది. కొన్ని సెకన్లలో అయిపోయే ఈ జారుడుకి మూడో రకం పేలుడు అని పేరు పెట్టారు. ఆ ధార వేగం కాంతి వేగంలో సుమారు మూడోవంతు. కిరీటంలో ఏ ఎత్తున ఏం జరుగుతోందో రేడియో డయలు మీద చదువుకోవచ్చన్నమాట.

ఏళ్లు, రోజులు

ముందు విలంబకాలంలో నడిచే తాళాలు చూద్దాం. కెనడాలో ఆర్థర్ కోవింగ్టన్ 1947 నుంచి 10.7 సెంటీమీటర్ల తరంగాల్లో సూర్యుడి తేజస్సుని ప్రతిరోజూ కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలత ఇప్పటికీ ఆగలేదు. ఆ పట్టికని గీతగా గీస్తే మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది పదకొండేళ్ల ఆవర్తనం. సూర్యుడు నిద్రపోతున్నప్పుడు 70 దగ్గర ఉండే అంకె, మెలకువగా ఉన్నప్పుడు 200 దాటుతుంది. దాని మీద ఇంకో చిన్న అల, సుమారు 27 రోజులది. 27 అనగానే నక్షత్రాలు లెక్కపెట్టకండి. భూమి మీదనుంచి చూస్తే సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలం అది. మచ్చలున్న వైపు మన కేసి తిరిగినప్పుడు రేడియో బలపడుతుంది, వెనక్కి తిరిగినప్పుడు తగ్గుతుంది. తిరిగే లైట్‌హౌసు లాంటిదే.

వీటి మధ్య ఒక మొండి తాళం కూడా ఉంది. సౌరజ్వాలలు అంటే సూర్యుడి మీద జరిగే హఠాత్తు పేలుళ్లు, ఇంగ్లీషులో ఫ్లేర్స్ అంటారు. 1984లో రీగర్, ఆయన సహచరులు ఉపగ్రహం పట్టుకున్న గామా కిరణాలు చూసి, పెద్ద జ్వాలలు సుమారు 154 రోజులకి ఒక విడతగా వస్తున్నాయన్నారు. ఆ మరుసటి ఏడు స్టాన్‌ఫర్డ్‌లో బోగార్ట్, బాయి అనే ఇద్దరు మైక్రోతరంగాల పట్టికల్లో వెతికి 152 రోజులని లెక్క తేల్చారు. రెండు వేర్వేరు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి కదా, ఇక తిరుగులేదు అనుకుంటాం. తీరా తరవాతి చక్రాల్లో చూస్తే ఆ తాళం కొన్నిసార్లు కనపడుతుంది, కొన్నిసార్లు కనపడదు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

పదహారు సెకన్లు

ఇప్పుడు ద్రుతకాలానికి వద్దాం. దానికి ముందు 1967 మే 23 నాడు ఏం జరిగిందో చెప్పాలి. అది అమెరికా, సోవియట్ యూనియన్ ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని కూచున్న కాలం. క్షిపణులు వస్తే ముందుగా పసిగట్టడానికి అమెరికా వాయుసేన అలాస్కా, గ్రీన్‌లాండ్, ఇంగ్లాండులలో మూడు పెద్ద రాడార్లు పెట్టుకుంది. ఆ రోజు ఆ మూడూ ఒకేసారి పనిచెయ్యకుండా పోయాయి. శత్రువు రాడార్లని అడ్డుకోవడం యుద్ధానికి నాంది కింద లెక్క. బాంబర్లని సిద్ధం చేసే ఆలోచనలు కూడా మొదలయ్యాయి. అదృష్టం కొద్దీ వాయుసేన కొన్నేళ్ల కిందటే సూర్యుణ్ణి కనిపెట్టి ఉండే మనుషులని పెట్టుకుంది. ఇది సూర్యుడి పని, పెద్ద సౌరజ్వాల వచ్చింది, ఆ రేడియో హోరే మీ రాడార్లని కమ్మేసింది అని వాళ్లు సమయానికి చెప్పగలిగారు. ఈ కథ డెలోరెస్ నిప్, ఆవిడ సహచరులు 2016లో రాసేదాకా బయటి ప్రపంచానికి పెద్దగా తెలియదు.

మన పిల్లల భాషలో చెప్పాలంటే, సూర్యుడి రేడియోని చదవడం వచ్చిన నలుగురు ఉండబట్టి ఆ రోజు గండం గడిచింది. సూర్యుడి రేడియో కూడా కాంతితో పాటే, 8 నిమిషాల చిల్లరలో, వచ్చేస్తుంది. ముందు కబురు పెట్టి రాదు. వచ్చాక అదేమిటో వెంటనే గుర్తుపట్టడం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఆ మరుసటి ఏడు, 1968 ఆగస్టు 8న, మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ పార్క్స్, జాన్ వింక్లర్ బెలూన్‌లో పైకి పంపిన పరికరం ఒక సౌరజ్వాలని ఎక్స్ కిరణాల్లో పట్టుకుంది. ఆ కిరణాలు ఒక్కసారిగా పెరిగి తగ్గిపోలేదు. గుండె కొట్టుకున్నట్టు 16 సెకన్లకి ఒకసారి పెరిగి, తగ్గి, పెరిగి, తగ్గాయి. అదే జ్వాలని నేలమీదనుంచి మైక్రోతరంగాల్లో గమనించినవాళ్ల పట్టిక పక్కన పెట్టి చూస్తే అందులోనూ అదే 16 సెకన్లు! ఒకే పరికరంలో కనపడితే పరికరం తప్పేమో అనుకోవచ్చు. గాలిలో ఉన్న ఎక్స్ కిరణాల పెట్టె, నేలమీద ఉన్న రేడియో ఏంటెన్నా కూడబలుక్కుని అబద్ధం చెప్పవు. 1969లో అచ్చయిన ఈ చిన్న పత్రాన్ని ఈ రంగంలోవాళ్లు ఈ రోజుకీ తలుచుకుంటారు. 1970లో హాలండ్ నుంచి రోజెన్‌బర్గ్ సుమారు ఒక సెకను ఆవర్తనంతో కొట్టుకునే రేడియో స్పందనలని వివరించాడు.

ఇటువంటి వాటికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరుని నేను రమారమి ఆవర్తన స్పందనలు అని తెలుగు చేసుకున్నాను. రమారమి ఎందుకంటే ఇవి గడియారంలా నడవవు. ఇంట్లో భజన జరుగుతున్నప్పుడు వేసే చప్పట్లు ఊహించుకోండి. ఒకటి కాస్త ముందు పడుతుంది, ఒకటి కాస్త వెనక పడుతుంది, ఉత్సాహం పెరిగితే వేగం పెరుగుతుంది. అయినా తాళం ఉందని విన్నవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది.

వీణ తీగ లెక్క

ఈ తాళం ఎక్కణ్ణుంచి వస్తోంది? రోజెన్‌బర్గ్ ఊహ సులువైనది. సూర్యుడి మచ్చల మీద అయస్కాంత క్షేత్రం కమానుల్లా లేచి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ కమానుల వెంట వేడి ప్లాస్మా నిండి ఉంటుంది. రెండు కొసలూ కిందున్న చిక్కటి వాయువులో పాతుకుని ఉంటాయి కాబట్టి అది బిగించిన తీగ లాంటిది. తీగని మీటితే మోగుతుంది. లేదా రబ్బరు గొట్టంలా ఉబ్బి, సన్నబడి, మళ్లీ ఉబ్బుతుంది. సన్నబడినప్పుడు అయస్కాంత క్షేత్రం దగ్గరపడి బలపడుతుంది, గింగిరాలు తిరిగే ఎలక్ట్రానులు ఎక్కువ రేడియో వెదజల్లుతాయి. ఉబ్బినప్పుడు తగ్గుతుంది. అదే మన రేడియోలో తాళంలా వినిపిస్తుంది.

ఊహ బాగానే ఉంది, తీగ ఊగడం కంటితో చూసినవాళ్లు ఎవరు? దానికి దాదాపు ముప్ఫయ్యేళ్లు పట్టింది. 1998లో నాసా పంపిన ట్రేస్ అనే ఉపగ్రహం ఆ ఏడు జూలై 14న, రేడియోలో కాదు, అతినీలలోహిత కాంతిలో, ఒక జ్వాల తగిలిన దెబ్బకి కమానులు అటూ ఇటూ ఊగడం బొమ్మలు తీసింది. అందులో ఒక కమాను లెక్క 1999లో అచ్చయింది. పొడవు సుమారు 1,30,000 కిలోమీటర్లు, ఊగడానికి పట్టిన కాలం 256 సెకన్లు. ఇక్కడ హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. తీగ మీద అల ఒక కొసనుంచి రెండో కొసకి వెళ్లి తిరిగి రావడానికి పట్టేదే ఆవర్తన కాలం. 2,60,000 కిలోమీటర్లని 256 సెకన్లతో భాగించండి. సెకనుకి సుమారు 1,000 కిలోమీటర్లు వస్తుంది. అది ఆ తీగలో అల పరిగెత్తే వేగం.

వీణ మీద అల వేగం తీగ బిగువు మీదా, బరువు మీదా ఆధారపడుతుంది. సూర్యుడి తీగకి బిగువు ఇచ్చేది అయస్కాంత క్షేత్రం, బరువు ఇచ్చేది ప్లాస్మా సాంద్రత. సాంద్రత వేరే దారిలో అంచనా వేసుకుంటే, మిగిలినది క్షేత్రమే. అలా లెక్కవేసి వాళ్లు తేల్చిన అంకె 13 గౌస్, అటూ ఇటూ 9. మన భూమి క్షేత్రం అర గౌస్ ప్రాంతంలో ఉంటుంది. ఆ పొరపాటు హద్దులు చూసి నవ్వకండి. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో, పది లక్షల డిగ్రీల వేడిలో ఉన్న పల్చని వాయువులో, థర్మామీటరైనా పెట్టలేని చోట, అయస్కాంత బలం ఎంతో ఒక గడియారం పట్టుకుని కొలిచారు! భూకంపం అలలతో భూగర్భాన్ని చదివినట్టే ఇదీ. తాళం కొలిస్తే వాద్యం తెలుస్తుందన్న మాటకి ఇదే నిదర్శనం.

తీగా, చెయ్యా?

అయితే కథ అంత సులువుగా ముగియలేదు. తాళం వినిపించినంత మాత్రాన తీగే మోగుతోందని ఎలా చెప్పగలం? తీగ ఊరికే ఉండి, కొట్టే చెయ్యే తాళం వేస్తూ ఉండవచ్చు. కట్టీ కట్టని కుళాయి సంగతి చూడండి. నీళ్లు వెనకనుంచి నిదానంగానే వస్తుంటాయి, కాని బొట్టు బొట్టుగా, ఇంచుమించు సమానమైన వ్యవధిలో పడతాయి. అక్కడ ఊగే తీగ ఏమీ లేదు. నిండడం, తెగిపడడం, మళ్లీ నిండడం, అంతే.

సౌరజ్వాలలో అలాంటి కుళాయి ఉండే అవకాశం ఉంది. ఎదురెదురు దిక్కుల్లో ఉన్న అయస్కాంత రేఖలు ఒకదానికొకటి నొక్కుకున్నప్పుడు మధ్యలో ఒక పల్చని విద్యుత్ ప్రవాహపు రేకు ఏర్పడుతుంది. ఆ రేకులో రేఖలు తెగి, కొత్తగా ముడిపడతాయి. ఆ ముడి మార్పులోనే దాచుకున్న శక్తి బయటపడుతుంది. ఆ పని ధారగా జరుగుతుందా, బొట్లు బొట్లుగా జరుగుతుందా అన్నది ఈ రంగంలో పెద్ద ప్రశ్న.

తాళం ఒక్కటే వింటే ఈ తగువు తీరదు, అది ఎక్కణ్ణుంచి వస్తోందో బొమ్మ కూడా కావాలి. కాలిఫోర్నియాలో ఓవెన్స్ లోయలో, మా న్యూజెర్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నడిపే రేడియో దుర్భిణుల వరస ఉంది. సూర్యుడి కోసమే కట్టినది. 1 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా వందల స్వరాల్లో, సెకను సెకనుకీ బొమ్మలు తీస్తుంది. 2017 జూలై 13న ఒక చిన్న తరగతి జ్వాలలో అది 10 నుంచి 20 సెకన్ల ఆవర్తనంతో కొట్టుకునే మైక్రోతరంగాలని పట్టుకుంది. చైనాలోని నాన్‌జింగ్ విశ్వవిద్యాలయం నుంచి కౌ యువాన్‌కున్, ఇక్కడి శాస్త్రవేత్తలు కలిసి 2022లో ఆ లెక్క ప్రచురించారు. ఆ స్పందన ప్రవాహపు రేకు అడుగు భాగం నుంచే వస్తోంది. అదే రేకు పొడుగునా ఇంకో చోట 30 నుంచి 60 సెకన్ల స్పందన కూడా కనిపించింది. రేకు మధ్యలో అయస్కాంత దీవులు ఒకదాని తరవాత ఒకటి పుట్టి విడిపోతుండడం వల్ల ఇలా జరుగుతోందని వాళ్ల కంప్యూటరు నమూనా చెప్పింది. అంటే ఈ జ్వాలలో తాళం వేసింది తీగ కాదు, చెయ్యి. వేరే జ్వాలలో తీగే కావచ్చు. ప్రతి జ్వాలకీ విడిగా సాక్ష్యం అడగాల్సిందే.

తాళం నిజంగా ఉందా?

ఇంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటుంది. మన మెదడుకి తాళం వెతుక్కోవడమంటే సరదా. రైలు చప్పుడులో పాట వింటాం, ఫ్యాను చప్పుడులో పేరు వింటాం. ఏ తాళమూ లేని గరగరలో కూడా నాలుగైదు మిట్టలు ఇంచుమించు సమాన దూరంలో పడడం అరుదేమీ కాదు. అందులోనూ సౌరజ్వాలల గరగరకి ఒక గుణం ఉంది. నెమ్మది మార్పులు పెద్దవిగానూ, వడి మార్పులు చిన్నవిగానూ ఉంటాయి. ఇటువంటి గీతలో నుంచి మొత్తం పెరుగుదలని తీసేసి మిగిలినది చూస్తే, లేని ఆవర్తనాలు ఉన్నట్టు కనిపిస్తాయి.

ఈ అనుమానంతో మేరీలాండ్‌లోని నాసా గొడార్డ్ కేంద్రంలో ఆండ్రూ ఇంగ్లిస్, ఆయన సహచరులు పాత నమ్మకాలని పక్కన పెట్టి, 2011 నుంచి 2015 దాకా వచ్చిన 675 పెద్ద జ్వాలల ఎక్స్ కిరణాల పట్టికలని ఒకే కఠినమైన పరీక్షకి పెట్టారు. తాళమేమీ లేని ఉత్త గరగరే ఈ గీతని పుట్టించగలదా అన్నది పరీక్ష. పుట్టించగలిగితే ఆవర్తనం లేనట్టే లెక్క. 2016లో తేలిందేమిటంటే, సుమారు 30 శాతం జ్వాలల్లో మాత్రం తాళం నిలబడింది. వాటిలో ఎక్కువ 5 నుంచి 30 సెకన్ల మధ్య ఉన్నాయి. పార్క్స్, వింక్లర్ల 16 సెకన్లు సరిగ్గా ఆ మధ్యలోనే పడతాయి. 152 రోజుల మొండి తాళాన్ని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఉంది అని చెప్పడానికి ఒక గీత చాలదు. ఎప్పుడు లేదో కూడా చెప్పగలగాలి.

ఈ పాఠం ఇంట్లో కూడా నేర్చుకోవచ్చు. 1990ల చివర నాసా మొదలుపెట్టిన రేడియో జోవ్ అనే కార్యక్రమంలో బడిపిల్లలూ, ఉత్సాహవంతులూ 20 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రిసీవరుని తామే అతుకుపెట్టుకుని, బృహస్పతినీ సూర్యుణ్ణీ వినవచ్చు. జాన్‌స్కీ విన్నది కూడా ఇంచుమించు ఆ స్వరంలోనే. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా మా పెరట్లో రెండు డైపోల్ తీగలు కట్టాం. మూడో రకం పేలుడు వచ్చినప్పుడు స్పీకరులో అల ఒడ్డుకొచ్చి విరిగి వెనక్కి పోయినట్టు వినిపిస్తుంది. భీమిలిలో కూచుని సముద్రం విన్నవాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది. ఒక శనివారం మాత్రం స్పీకరులో టక్కు టక్కుమని ఎంతో చక్కటి తాళం వచ్చింది.

"నాన్నా, ఇది మరీ బాగుంది. సూర్యుడిది అయ్యుండదు," అంది మా అమ్మాయి.

రిసీవరుని బ్యాటరీకి తగిలించి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపేశాం. తాళం ఆగిపోయింది. ఇంట్లో కరెంటు మీద నడిచే ఏదో పరికరం పని అది. సూర్యుణ్ణి అనుమానించే ముందు మన ఇంటిని అనుమానించాలి. ఇంకో ఊళ్లో ఉన్నవాళ్ల పట్టికలోనూ అదే సమయానికి అదే తాళం ఉంటేనే నమ్మాలి. పార్క్స్, వింక్లర్ చేసినది కూడా సరిగ్గా ఇదే కదా.

హిందూపురం పక్కన

ఈ వెతుకులాటలో మన ప్రాంతం పాత్ర కూడా ఉంది. అనంతపురం జిల్లావాళ్లకి గౌరీబిదనూరు బాగా తెలుసు. హిందూపురం నుంచి బెంగుళూరు వెళ్లే దారిలో, కర్ణాటకలో అడుగుపెట్టగానే వస్తుంది. తెలుగు ధారాళంగా వినిపించే ఊరు. అక్కడ 1976లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 34.5 మెగాహెర్ట్జ్‌లో వినే రేడియో దుర్భిణి పెట్టాయి. డిష్షులు లేవు. పొలాల మధ్య ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో పరిచిన వెయ్యి డైపోల్ తీగలు. తూర్పు పడమరలుగా ఒక చెయ్యి 1.4 కిలోమీటర్ల పొడవు. ఈ స్వరంలో వినిపించేది కిరీటం పైభాగం. సిహెచ్. వి. శాస్త్రి, వినోద్ క్రిషన్, కె. ఆర్. సుబ్రమణియన్ కలిసి 1981లో అక్కడి పరిశీలనలతో సూర్యుడి రేడియో స్పందనల మీద పత్రం రాశారు. 1997 నుంచి సూర్యుడి బొమ్మలు తీయడానికే ఇంకో వరస కూడా అక్కడ పనిచేస్తోంది. మనం వేసవి సెలవులకి బెంగుళూరులో దిగి హిందూపురం వైపు పోతున్నప్పుడు, కారు కిటికీలోనుంచి పిల్లలకి చూపించడానికి ఇలాంటివీ ఉన్నాయి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. 2024 జనవరి 6న తన నెలవుకి చేరుకుంది. సౌరజ్వాలల ఎక్స్ కిరణాలని చూసే పరికరాలు అందులో ఉన్నాయి. 1968లో బెలూన్, నేలమీది ఏంటెన్నా ఒకే జ్వాలకి సాక్ష్యం చెప్పినట్టే, ఇప్పుడు ఆదిత్య చూసినదాన్ని ఓవెన్స్ లోయలో విన్నదానితో పోల్చి చూసుకునే వీలుంది.

ఇదంతా మనకెందుకు అని ఎవరైనా అడిగితే 2006 డిసెంబరు 6 సంగతి చెప్పండి. ఆ రోజు వచ్చిన జ్వాల రేడియో హోరు, జీపీఎస్ వాడే స్వరాలకి దగ్గరలో, అంతకుముందు చూసినవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. భూమికి పగలున్న వైపంతా జీపీఎస్ రిసీవర్లు ఉపగ్రహాల జాడ పోగొట్టుకున్నాయి. ఓవెన్స్ లోయ పరికరాలు దాన్ని కొలిచి చెప్పాయి. అది సూర్యుడు నిద్రకి ఉపక్రమిస్తున్న కాలం, ఎవరూ ఊహించనిది. ఈ చక్రం తారస్థాయికి చేరిందని నాసా, నోవా 2024 అక్టోబరులో ప్రకటించాయి. తారస్థాయి దాటితే ఇక భయం లేదనుకోవడానికి 2006 ఒప్పుకోదు. రమారమి తాళాలని చదివి రేపటి జ్వాలని ముందే చెప్పగల విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదు. కాని శక్తి ధారగా వస్తోందా, బొట్లుగా వస్తోందా అన్నది తెలిస్తే తప్ప ఆ విద్యకి ఓనమాలు దిద్దలేం.

మీ పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి ఏం చెయ్యాలని అడిగితే పెరట్లో రెండు తీగలు కట్టుకోమనండి. రేడియో ఖరీదైనది కానక్కర్లేదు. పక్క రాష్ట్రంలో ఉన్న ఇంకో కుటుంబాన్ని జత చేసుకోండి. ఇద్దరూ గడియారాలు మాత్రం సెకనుతో సహా సరిచేసుకోండి.